ఏటి ఒడ్డున ఒక పంక్తి

ధ్యాన భాగము: యోహాను 21:1–17

మీ కుటుంబమంతా ఒక్క పంక్తిలో కూర్చుని, తొందర లేకుండా అన్నం తిని ఎన్నాళ్ళయింది?

మా రాప్తాడు ప్రాంతంలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది. చెనక్కాయ పంట పోతే ఇంటాయన బెంగళూరుకు కూలికి పోతాడు. ఇల్లాలు పొయ్యి దగ్గర నిలబడే రెండు ముద్దలు మింగుతుంది. మా పక్కనున్న పండమేరు చాలాకాలం వట్టి ఇసుకే. 2024 అక్టోబరులో మాత్రం రాత్రి కురిసిన వానకు పొంగి, అనంతపురం చుట్టుపక్కల కాలనీల్లోకి వచ్చింది. ఒడ్డున నెమ్మదిగా కూర్చుని భోంచేసే ఏరు కాదది.

అందుకని ఒక ఆదివారం ఆరాధన ముగిశాక సంఘమంతా పెన్న ఒడ్డుకు, పెనకచెర్ల డ్యాము దగ్గరికి పోయి భోజనం చేద్దామన్నాను. సంఘ పెద్ద ఒకాయన ఒప్పుకోలేదు. "అయ్యగారూ, ఏటి ఒడ్డున విందంటే జనం సీసాలు తీసుకొని పోయేదే కదా. విశ్వాసులకు ఎందుకది?" అన్నాడు.

ఆయన భయం ఊరికే పుట్టలేదు. తాగుడు ఆయన తమ్ముణ్ణి మింగేసింది. తమ్ముని కొడుకు కూడా అదే దారి పట్టాడు. ఆ పిల్లవాణ్ణి ఏడాదిగా ఆయన గడప తొక్కనివ్వలేదు.

ఈ పెన్న నంది కొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు ప్రయాణించి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. ఆ జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్ళు 1990ల తొలినాళ్ళలో సారా మీద తిరగబడ్డారు. 1995లో రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. చట్టం అంగడిని మూయించగలదు. కాని తాగినవాణ్ణి చేయి పట్టుకొని ఇంటి పంక్తిలోకి పిలిచేది చట్టం కాదు, మనమే.

ఆ పెద్దాయనతో కూర్చుని నేను యోహాను 21వ అధ్యాయము చదివాను. శిష్యులు రాత్రంతా వల వేశారు, ఒక్క చేపా దొరకలేదు. పంట పోయిన రైతుకు ఆ రాత్రి ఎలాంటిదో తెలుసు. తెల్లవారేసరికి ఒడ్డున నిప్పులు, వాటిమీద చేప, రొట్టె! వండి పెట్టినది ఎవరు? మరణమును జయించి లేచిన మన ప్రభువే. 153 చేపల వల ఒడ్డుకు చేరకముందే ఆయన పొయ్యి సిద్ధమైంది. నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ తనను ఎరుగనన్న పేతురును ఆయన మళ్ళీ నిప్పుల దగ్గరికే పిలిచాడు. మొదట కడుపునిండా పెట్టాడు. ప్రశ్న అడిగింది భోజనమైన తరువాతే.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. ఆదివారం వ్యాను ఎక్కేటప్పుడు చూస్తే, తమ్ముని కొడుకు ఆయన పక్కనే ఉన్నాడు.

రాగి సంగటి, ఊరిబిండి, కోడి పులుసు, మజ్జిగ. చెట్టు నీడన విస్తర్లు వేసి ఆడవాళ్ళను ముందు కూర్చోబెట్టాము, మగవాళ్ళమే వడ్డించాము. "పెళ్ళయినాక సంగటి వేడివేడిగా తినేది ఇదే అయ్యగారూ" అని ఒక తల్లి నవ్వింది. ఆ నవ్వు నాకు ఒక ప్రసంగమంత పని చేసింది. మా వంతు వచ్చినప్పుడు పెద్దాయన ఆ పిల్లవాణ్ణి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. "ఇంకొంచెం పులుసు వేయించుకో నాయనా" అన్నాడు, అంతే. ఆ పిల్లవాడు తల వంచుకొని, "చాలు పెద్దనాయనా" అన్నాడు. ఆ గొంతులో తడి నేను విన్నాను.

ఆ అబ్బాయి తాగుడు పూర్తిగా మానాడని చెప్పలేను. కాని ఇప్పుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం పెద్దనాయన ఇంటికి వచ్చి అన్నం తింటున్నాడు. దారి ఆ గడప దగ్గర మొదలైంది.

ప్రియులారా, దీనికి ఏరే ఉండాలని లేదు. బావిగట్టు చాలు, చింతచెట్టు నీడ చాలు. ఈ నెలలో ఒక పూట టీవీ కట్టేసి, సెల్‌ఫోను పక్కన పెట్టి, అందరూ కలిసి కూర్చోండి. ఇంటాయన వడ్డించాలి, ఇల్లాలు మొదటి ముద్ద తినాలి. మీరు దూరం పెట్టినవారు ఎవరైనా ఉంటే వారికీ ఒక విస్తరాకు వేయండి.

ప్రార్థన: ఒడ్డున మాకొరకు కనిపెట్టే ప్రభువా, మా పంక్తిలో ఎవరి చోటు ఖాళీగా ఉందో మాకు చూపించుము. వారిని పిలుచుటకు మాకు మనసు దయచేయుము. ఆమేన్.