ఇసుకను మరిచిన లెక్క

బీహార్ దుఃఖదాయినిగా పేరుపడ్డ కోసీ నది 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా వద్ద తూర్పు కరకట్టను తెంచుకుంది. ఆ రోజు నదిలో ఉన్నది దాదాపు 1.44 లక్షల క్యూసెక్కులే. కట్టలు తట్టుకోవాల్సింది సుమారు 9.5 లక్షల క్యూసెక్కులు. అందులో ఆరో వంతు కూడా లేని నీటికే గండి పడింది. నది 100 కిలోమీటర్లకు పైగా తూర్పుకు జరిగి పాత పాయల్లో పారింది. బీహార్‌లో 30 లక్షల మందికి పైగా వరద బారిన పడ్డారు.

మరమ్మతుల్లో నిర్లక్ష్యం ఒక కారణం. అంతకన్నా పాత కారణం ఇసుక. 1950లలో కట్టలు కట్టాక, అంతకుముందు మైదానమంతా పరుచుకునే హిమాలయాల మట్టి ఆ రెండింటి మధ్యే మేట వేస్తోంది. చాలాచోట్ల నదీగర్భం బయటి పొలాల కంటే ఎత్తుకు చేరింది. మేటలు ప్రవాహాన్ని ఒక పక్కకు నెడితే తక్కువ నీరైనా కట్టను కోసేస్తుంది.

వరద లెక్కలకు ఇంజనీర్లు ఎక్కువగా వాడేది ఐర్లండ్‌కు చెందిన రాబర్ట్ మానింగ్ 19వ శతాబ్ది చివర్లో ఇచ్చిన సూత్రం. వాలు, లోతు, అడుగు గరుకుదనం తెలిస్తే నీటి వేగం తేలుతుంది. గరుకుదనానికి నున్నటి కాంక్రీటు కాల్వలో సుమారు 0.013, మామూలు నదిలో 0.03 అని పట్టికలు చెబుతాయి. ఇసుక నదిలో చిక్కంతా ఆ అంకెతోనే. ప్రవాహం తక్కువగా ఉన్నప్పుడు అడుగున ఇసుక దిబ్బలు లేచి నీటిని అడ్డుకుంటాయి. వేగం బాగా పెరిగితే అవే చదునైపోయి అడ్డు తగ్గుతుంది. అంటే ఒకే నీటిమట్టం వద్ద ఒక్కోసారి ఒక్కో పరిమాణంలో నీరు పారవచ్చు.

ఈ విద్యలో ఉపఖండానిది పాత అనుభవమే. పూడిక పడని, కోత పెట్టని వేగమెంతో పంజాబ్‌లోని బారీ దోఆబ్ కాల్వపై పరిశీలించి ఆర్.జి. కెనడీ 1895లో సూత్రం ఇచ్చారు. ఇసుక రేణువు కదలికను సంభావ్యతతో లెక్కగట్టే పద్ధతిని 1950లో హాన్స్ ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ రూపొందించారు. ఆయన ప్రఖ్యాత భౌతిక శాస్త్రవేత్త కుమారుడు.

నీటినీ ఇసుకనూ కలిపి లెక్కించే కంప్యూటర్ నమూనాలు ఇప్పుడున్నాయి. అయినా ఒకే నదికి రెండు సూత్రాలు వాడితే ఇసుక పరిమాణంలో రెట్టింపు తేడా రావడం అరుదేమీ కాదు. అడుగున దొర్లే ఇసుకను వరద వేళ కొలవడం కష్టం. పైగా కొండచరియలు విరిగినప్పుడు అది ఒక్కసారిగా వచ్చి పడుతుంది. కొలతలు లేని నమూనా అంచనాగానే మిగులుతుంది.

2024 సెప్టెంబరులో కోసీ బ్యారేజీ నుంచి 6.6 లక్షల క్యూసెక్కులు దిగువకు వచ్చాయి. అదీ 9.5 లక్షల లోపే. అయినా దర్భంగా జిల్లాలో పడమటి కట్ట తెగింది. ప్రతి వరద తర్వాతా కట్టలను ఎత్తు చేయాలనో, నేపాల్‌లో ఎత్తైన డ్యామ్ కట్టాలనో డిమాండ్లు వస్తాయి. కట్ట ఎన్నేళ్లు కాస్తుందో, డ్యామ్ ఎన్నేళ్లకు పూడుతుందో నిర్ణయించేది ఇసుకే. ఏటా వర్షాకాలం ముగిశాక నదీగర్భం ఎంత లేచిందో భారత్, నేపాల్ కలిసి కొలిచి, ఆ అంకెలను ఒడ్డున బతికే వారి ముందుంచడం కట్ట ఎత్తు పెంచడంకన్నా చవక. ముందు జరగాల్సిందీ అదే.