నూనె చుక్క ఎర్రబడితే...

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగం మామూలువే. ఫలానా హీరో తర్వాతి సినిమా ఏమిటి, ఫలానా హీరోయిన్ పెళ్ళెప్పుడు... వాటికి జవాబు వాళ్ళే చెప్పాలి గాని, మధ్యలో నేనెవర్ని! కాని కాకినాడ నుంచి ఇంజనీరింగ్ చదివే తమ్ముడొకతను రాసిన ఉత్తరం మాత్రం పక్కన పెట్టబుద్ధి కాలేదు.

"మా అన్నయ్య సెకండ్‌హాండ్ కారు కొన్నాడు సార్. ఆదివారం వస్తే నలుగురం కలిసి సెకండ్ షోకి పోతాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా డ్యాష్‌బోర్డు మీద నూనె డబ్బా బొమ్మ ఎర్రగా మిణుకుమిణుకుమంటోంది. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే ఆరిపోతోంది. మా వాళ్ళేమో 'సెన్సార్ పోయుంటుందిరా, పట్టించుకోకు' అంటున్నారు. వచ్చే నెల శ్రీశైలం వెళ్దామనుకుంటున్నాం. వెళ్ళమంటారా?"

తమ్ముడూ, సెన్సార్ అనగానే మన సినిమావాళ్ళకి కత్తెర గుర్తొస్తుంది. కత్తెర పడితే పోయేది ఒక సీనో, ఒక డైలాగో. నీ బండిలో సెన్సార్ చెప్పే మాట పట్టించుకోకపోతే మాత్రం పోయేది మొత్తం సినిమా!

మన సినిమాల్లో కారు చెడిపోవడానికి రెండే కారణాలు. విలన్ బ్రేకు పైపు కోసెయ్యడం ఒకటి. హీరోయిన్ ఒంటరిగా వస్తూండగా బానెట్లోంచి పొగ రావడం రెండోది. మొదటిదాంట్లో హీరో దూకేసి బతికిపోతాడు. రెండోదాంట్లో హీరో ఎక్కణ్ణించో ఊడిపడి బానెట్ ఎత్తుతాడు, వెంటనే పాట మొదలవుతుంది. 1961 నాటి 'టాక్సీ రాముడు' నుంచి 2018 నాటి 'టాక్సీవాలా' దాకా తెర మీద స్టీరింగు పట్టిన హీరోలు ఎందరో! కాని నూనె డబ్బా లైటు చూసి బండి పక్కకి ఆపిన హీరోని మాత్రం నేనింతవరకూ చూళ్ళేదు. అందుకేనేమో మన కుర్రకారుకి ఆ లైటంటే భయమూ లేదు, భక్తీ లేదు.

ఈ దీపం అద్భుత దీపం కాదు

ఆ బొమ్మ చూశారా? సన్నటి ముక్కు, వెనక పట్టుకునే పిడి, ముక్కు చివర ఒక చుక్క. అక్కినేని నటించిన 'అల్లావుద్దీన్ అద్భుత దీపం' 1957లో వచ్చింది. అచ్చం అలాంటి దీపంలాగే ఉంటుంది. తేడా ఒక్కటే... ఆ దీపంలోంచి భూతం వచ్చి కోరిన కోరికలు తీరుస్తుంది. ఈ దీపం వెలిగితే ఇంజను ప్రాణం మీదికొచ్చిందని అర్థం.

చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, "లైటు వెలిగింది, నూనె కొంచెం తగ్గిందన్నమాట, రేపు పోయిద్దాంలే" అనుకోవడం. ఆ ఎర్ర లైటు చెప్పేది నూనె ఎంతుందని కాదండీ. నూనె ఒత్తిడి ఎంతుందని! ఒంట్లో రక్తం ఉండడం వేరు, బి.పి. ఉండడం వేరు కదా? ఇదీ అంతే. ఇంజను అడుగున మెకానిక్కులు చాంబర్ అనే తొట్టి ఉంటుంది. అందులో ఉన్న నూనెని ఒక పంపు పీల్చి, సన్నటి దారుల గుండా లోపల తిరిగే ప్రతి భాగానికీ తోస్తుంది. నూనె రక్తమైతే ఈ పంపు గుండెకాయ. రక్తం నిండుగా ఉన్నా గుండె కొట్టుకోకపోతే మనిషి ఏమవుతాడో చెప్పాలా?

ఆ దారిలో ఒకచోట చిన్న స్విచ్ బిగించి ఉంటుంది. మీ వాళ్ళు సెన్సార్ అంటున్నది దాన్నే. నూనె ఒత్తిడి బాగున్నంతసేపూ లైటు ఆరి ఉంటుంది. ఒత్తిడి బాగా పడిపోతే... చాలా కార్లలో అర 'బార్' కన్నా కిందికి, అంటే మనం టైరులో కొట్టించే గాలిలో నాలుగో వంతు కన్నా కిందికి దిగితే... స్విచ్ కలిసి లైటు వెలుగుతుంది. అంటే అది 'జాగ్రత్త నాయనా' అనే మొదటి హెచ్చరిక కాదు. పరిస్థితి చెయ్యి దాటబోతోందనే ఆఖరి కేక!

ఎందుకంత తొందరంటారా? ఇంజను లోపల క్రాంక్ షాఫ్ట్‌కీ దాన్ని మోసే బేరింగులకీ మధ్య ఉండేది నూనె పొర ఒక్కటే. వెంట్రుక కన్నా పల్చన. ఇనుము ఇనుముని తాకకుండా కాపాడేది అదే. బండి మూడు వేల ఆర్.పి.ఎం. మీద పరిగెడుతుంటే క్రాంక్ షాఫ్ట్ సెకనుకి 50 చుట్లు తిరుగుతుంది. సినిమా తెర మీద సెకనుకి 24 ఫ్రేములు కదా... అంటే ఒక్క ఫ్రేము గడిచేలోగా అది రెండు చుట్లు తిరిగేసిందన్నమాట! ఆ పొర చిరిగిపోతే రాపిడి, వేడి, టక టక టక అని చప్పుడు, ఆ తర్వాత ఇంజను పట్టెయ్యడం... అన్నీ నిమిషాల్లో జరిగిపోతాయి.

ఘాట్‌లో ఒక రాత్రి

1986లో అరకు వైపు ఒక ఔట్‌డోర్ షూటింగ్ చూడ్డానికి వెళ్ళాను. పేకప్ అయ్యాక ప్రొడక్షన్ కారులో విశాఖపట్నం బయల్దేరాం. ప్రీమియర్ పద్మిని. పేరు పద్మిని అయినా అందరూ ఫియట్ అనే పిలిచేవారు. డిక్కీలో ఆ రోజు తీసిన నెగటివ్ డబ్బాలు. అవి ఆ రాత్రే మద్రాసు రైలెక్కి ల్యాబ్‌కి చేరాలి. ముందు సీట్లో అసిస్టెంట్ డైరెక్టర్ నిమిషానికోసారి వాచీ చూసుకుంటున్నాడు.

ఘాట్ దిగుతూంటే కింద ఏదో రాయి ఠంగుమని తగిలింది. కాసేపటికి ఎర్ర లైటు వెలిగింది. డ్రైవర్ ఒక్క మాట మాట్లాడకుండా బండి పక్కకి తీసి ఇంజను ఆపేశాడు. అసిస్టెంట్ డైరెక్టర్ గోల మొదలెట్టాడు. "ఎస్.కోట ఎంత దూరం గురూ! అక్కడ చూపిద్దాం, పోనియ్!" అని.

డ్రైవర్ టార్చి వేసి కిందికి వంగి చూశాడు. చాంబర్ చిట్లి నూనె ధారగా కారుతోంది. లేచి నిలబడి, "బాబూ, ఈ లైటెలిగినాక బండి కదిపితే ఎస్.కోట కాదు గదా, కింద మలుపు దాకా కూడా ఎల్లదు. డబ్బాలు ఎలాగో అంపుదాం. ఇంజను పోతే ఓనరు మిమ్మల్ని అడగడు, నన్నడుగుతాడు" అన్నాడు. ఆ మాటకి అవతల జవాబు లేదు.

అరగంటకి ఒక లారీ వచ్చింది. డబ్బాలతో అసిస్టెంట్ డైరెక్టర్ దాంట్లో ఎక్కాడు, రైలు అందుకున్నాడు. మర్నాడు పొద్దున డ్రైవర్ ఆ చీలికలో బట్టల సబ్బు రుద్ది రుద్ది పూడ్చాడు. కింద ఊరి నుంచి తెప్పించిన నూనె పోసి స్టార్ట్ చేశాడు. రెండు సెకన్లలో లైటు ఆరింది. మెల్లగా దిగి షెడ్డు చేరాం.

ఇది ఒక వైపు. రెండో వైపు కూడా చెప్పాలి. 2019లో నాకు తెలిసిన కుర్రాడొకతను ఫైనాన్స్ మీద టాక్సీ కొన్నాడు. ఒక రాత్రి హైవే మీద ఇదే లైటు వెలిగింది. "ఇంకో పది కిలోమీటర్లే, పాసింజర్ని దింపేసి చూద్దాం" అనుకున్నాడు. నాలుగు కిలోమీటర్లకే ఇంజను పట్టేసింది. ఒకటిన్నర లీటరు నూనెతో పోయేది, లక్ష దాటిన రిపేరు అయింది. బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళూ సంపాదన సున్నా, కిస్తీలు మాత్రం ఆగలేదు. చివరికి ఇంట్లో బంగారం కదిలింది. పాపం, అతను చెడ్డ డ్రైవరేం కాదు. ఆ లైటు ఏం చెబుతోందో అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఏ రంగు వెలిగితే ఏం చెయ్యాలి?

ఎరుపు: ఇండికేటర్ వేసి ఎడమ పక్కకి తీసి ఆపండి. ఆగాకే ఇంజను ఆపండి. పరిగెడుతున్న బండిలో తాళం తిప్పేశారంటే స్టీరింగు, బ్రేకు రెండూ బిగుసుకుంటాయి, ఇంజను మాట దేవుడెరుగు! ఒక పది నిమిషాలు ఆగి, బానెట్ ఎత్తి, నూనె కొలిచే పుల్ల... అదే డిప్ స్టిక్... బయటికి లాగండి. గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి, మళ్ళీ లాగి చూడండి. రెండు గీతల మధ్య తడి ఉండాలి. కింది గీత కన్నా తక్కువుంటే మీ కారు పుస్తకంలో రాసిన గ్రేడు నూనె కొంచెం కొంచెంగా పొయ్యండి. స్టార్ట్ చేశాక లైటు వెంటనే ఆరితే మెల్లగా షెడ్డుకి పోయి, నూనె ఎటు పోయిందో కనుక్కోండి. ఆరకపోతే, లేక నూనె నిండుగా ఉండి కూడా లైటు వెలుగుతుంటే, ఇక స్టార్ట్ చెయ్యకండి. లాక్కెళ్ళే బండి పిలవడమే.

పసుపు: కొన్ని కార్లలో ఇదే డబ్బా బొమ్మ పసుపు రంగులో, కింద అలలాంటి గీతతో వస్తుంది. ఇది నూనె మట్టం తగ్గిందని చెప్పడం. కొంప మునగలేదు గాని, వీలైనంత త్వరగా చూసుకోవాలి. ఈ పసుపు లైటు లేని కార్లు బోలెడు. అది వెలగలేదు కదా అని ధీమాగా ఉండకండి, నెలకోసారి పుల్ల తీసి చూడండి.

ఇంకో మాట. మంచిదే కదా అని పై గీత దాటేలా పోసెయ్యకండి. క్రాంక్ షాఫ్ట్ నూనెలో మునిగి దాన్ని మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. నురగ కట్టిన నూనెతో ఒత్తిడి నిలబడదు.

సెకండ్‌హాండ్ కొనేవాళ్ళకి ఒక రహస్యం

తాళం ఆన్ చేసి, స్టార్ట్ చెయ్యకుండా ఒక్క క్షణం ఆగండి. (బటన్ బండి అయితే క్లచ్చూ బ్రేకూ తొక్కకుండా రెండుసార్లు నొక్కండి.) మామూలు కార్లలో ఆ ఎర్ర డబ్బా అప్పుడు వెలిగి తీరాలి. స్టార్ట్ కాగానే ఆరిపోవాలి. అసలు వెలగనే లేదా? లైటు మాడిపోయి ఉండాలి, లేదా ఎవరో మహానుభావుడు వైరు పీకేసి ఉండాలి. లైటు నోరు మూయించి బండి అంటగట్టేవాళ్ళున్నారు బాబూ! మిణుకుమనే లైటుని దాచడానికి కంపెనీ చెప్పిన దానికన్నా చిక్కటి నూనె పోసి అమ్మేవాళ్ళూ ఉన్నారు. అందుకే బేరం కుదిరే ముందు బండిని ఓ అరగంట తిప్పి, వేడెక్కాక న్యూట్రల్‌లో ఉంచి ఆ లైటు మీదే కన్నేయండి.

ఇప్పుడు కాకినాడ తమ్ముడి సంగతి. పంపు ఇంజనుతోపాటే తిరుగుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజను నెమ్మదిస్తే పంపూ నెమ్మదిస్తుంది. అప్పటికే నూనె వేడెక్కి పల్చబడి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజను ఆ కాస్త తగ్గుదలని తట్టుకుంటుంది. నీ బండి తట్టుకోలేకపోతోందంటే నూనె తగ్గి ఉండొచ్చు, పాతబడి ఉండొచ్చు, పంపు నోటి దగ్గర జల్లెడ పూడి ఉండొచ్చు, బేరింగులు అరిగి ఉండొచ్చు. మీ వాళ్ళన్నట్టు స్విచ్చే పోయి ఉండొచ్చు కూడా! కాని ఆ మాట ఫ్రెండ్స్ చెప్తే చాలదు, మీటర్ చెప్పాలి. ముందు పుల్ల తీసి నూనె చూడు. అది సరిగ్గానే ఉంటే మెకానిక్కుని బండి దగ్గరికే పిలిపించు. ఆ స్విచ్ విప్పి అక్కడ ఒత్తిడి కొలిచే గేజి పెట్టి చూడమను. ఒత్తిడి బాగుంటే కొత్త స్విచ్ బిగించుకో, ఖర్చు కొద్దిపాటిదే. బాగోలేకపోతే ఇంజను పని ఇప్పుడే చేయించుకో. అప్పటిదాకా సెకండ్ షోకి బస్సులో పొండి.

శ్రీశైలం అంటావా... మల్లన్న ఎక్కడికీ పోడు. నల్లమల ఘాట్‌లో మాత్రం షెడ్డు దొరకదు, ఫోనుకి సిగ్నల్ అందని చోట్లూ ఉన్నాయి. గేజి చూడందే బండి గడప దాటనివ్వకు.

గుంటూరు చెల్లెలొకరు "మేం కరెంటు కారు కొన్నాం, మాకూ ఈ లైటు ఉంటుందా?" అని అడిగారు. లేదమ్మా. ఇంజనే లేదు కనక ఇంజను నూనే లేదు. మీ ఎర్ర లైట్ల కథ వేరే ఉంది, అది వచ్చే వారం.

ఉంటాను మరి. ఈసారి తాళం తిప్పేటప్పుడు ఆ చిన్న చుక్క వెలిగి ఆరిందో లేదో చూడండి. రెండు సెకన్ల పని!