కాన్సర్ పిల్లలకు రక్తస్రావ గండం: ఊరూరా దాతలుంటేనే రక్ష

పొన్నూరు: కాన్సర్ మందులు వాడే పిల్లలకు జబ్బుతోపాటు రక్తస్రావ గండం కూడా ఉంది. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది రక్త కాన్సర్. దానికిచ్చే కీమోథెరపీ మందులు ఎముకల్లోని మూలుగను కూడా దెబ్బ తీస్తాయి. రక్తం గడ్డకట్టేందుకు తోడ్పడే ప్లేట్‌లెట్లు తయారయ్యేది అక్కడే. మైక్రోలీటరు రక్తంలో లక్షన్నరకు తగ్గకుండా ఉండవలసిన ఈ కణాలు 10 వేలకు పడిపోతే, రక్తం కారకపోయినా సాధారణంగా ముందుగానే ఎక్కిస్తారు. 1960 దశకంలో అమెరికాలో ఈ పద్ధతి వచ్చాక రక్తస్రావ మరణాలు బాగా తగ్గాయి.

చిక్కల్లా నిల్వతోనే. ఎర్రకణాలు నెల దాటి నిలుస్తాయి. ప్లేట్‌లెట్లు మాత్రం కదుపుతూ ఉంచినా 5 రోజులే. అందుచేత ఏడాదికొక రక్తదాన శిబిరం చాలదు. గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన కాన్సర్ కేంద్రం ఉంది. పొన్నూరుకు అది 30 కిలోమీటర్లే. కాని సమయానికి దాత దొరకనిదే ఆ దగ్గరితనం అక్కరకు రాదు.

మందు ఇచ్చిన వారం, రెండు వారాల మధ్య ప్లేట్‌లెట్లు బాగా తగ్గుతాయి. అప్పటికి బిడ్డ తరచు ఇంటి వద్దనే ఉంటుంది. జ్వరమొచ్చిందని ఊళ్ళో కండకు సూది వేయించడం, ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ మాత్రలు మింగించడం ప్రమాదకరం. పళ్ళకు వేపపుల్ల బదులు మెత్తని బ్రష్షు వాడాలి. జ్వరం, ఒంటిపై ఎర్రచుక్కలు, చిగుళ్ళ రక్తం, నల్లని విరేచనం, విడవని తలనొప్పి కనిపిస్తే అర్ధరాత్రయినా ఆస్పత్రికి చేర్చాలి.

గ్రామానికి పదిమంది దాతల పేర్లు, రక్త గ్రూపులు పంచాయతీ కార్యాలయంలో రాసి ఉంచితే, బిడ్డను ఎత్తుకొని గుంటూరు చేరిన తల్లిదండ్రులు దాతకోసం వీధులు తిరగవలసిన పని ఉండదు.