పలకమీది క్రాకరు ఎవరికొరకు?

బెంగుళూరు, చెన్నపట్టణము, పుణె మొదలైన నగరములలో స్థిరపడిన మనవారి ఇండ్లలో ఇటీవల ఒక కొత్త మర్యాద ప్రవేశించినది. గృహప్రవేశమునకో, పుట్టినరోజునకో, విదేశములనుండి బిడ్డలు వచ్చినప్పుడో, సాయంకాలము అతిథుల ముందర ఒక పెద్ద కొయ్యపలకను తెచ్చి ఉంచుచున్నారు. దానిపై ఉప్పులో ఊరవేసి ఆరబెట్టిన మాంసపు పలుచని తునకలు, రెండు మూడు రకముల చీజు, ద్రాక్షపండ్లు, బాదము పప్పులు, పులియబెట్టిన చిన్నచిన్న దోసకాయలు, వాని నడుమ వరుసగా పేర్చిన క్రాకర్లు ఉండును. దీనిని ఫ్రెంచి మాటతో షార్కుత్రీ పలక అందురు. క్రాకర్లనగానే దీపావళి టపాకాయలు తలపునకు వచ్చు పెద్దలు మనలో ఇంకను కలరు గనుక చెప్పుచున్నాము: ఇవి తీపి లేని, పలుచని, పెళుసైన బిస్కత్తులు. వీనిపై మాంసమునో చీజునో ఉంచుకొని తిందురు.

ఈ పలకను మెచ్చుకొనుటకుగాని నిందించుటకుగాని మేము పూనుకొనలేదు. ఎవరి ఇంటి వంట వారి ఇష్టము. మేము చెప్పదలచినది క్రాకర్లను గూర్చి మాత్రమే. మాంసమునకు, చీజునకు చేతినిండ ఖర్చు పెట్టి, నాలుగు అంగళ్లు తిరిగి ఏరి తెచ్చినవారే క్రాకర్ల వద్దకు వచ్చుసరికి చివరి నిమిషమున చేతికందిన పొట్లము తెచ్చి పలకపై గుమ్మరించుచున్నారు. ఇది తలక్రిందులైన పద్ధతి యని మా అభిప్రాయము. ఆ పలకకు అన్నిటికంటె ముందు ఎంచవలసినది క్రాకరే. ఏలయన, అక్కడ కూర్చుండినవారందరు చేయి చాపదగినది పలకపై అదొక్కటే.

మన ఇండ్లలో ఒక సాయంకాలము చేరువారెవరో తలచుకొనుడు. మాంసము ముట్టనివారు కొందరు. కోడి, మేక తినినను పందిమాంసము తిననివారు కొందరు. ఈ పలకపై సంప్రదాయముగా పరచునదో ముఖ్యముగా పందిమాంసమే. పొరుగింటి ముసల్మాను మిత్రులు వత్తురు. శనివారము ఒక్కపొద్దు ఉండు అక్కగారు వత్తురు. రక్తపుపోటుకు మందు మ్రింగుచున్న బాబాయిగారు వత్తురు. మాంసము తిననివారికి చీజు ఉన్నదిగదా యందురేమో. చీజు మన జున్నువంటిది కాదు. జున్ను ఈనిన ఆవు తొలిపాలతో దానంతట గట్టిపడును. చీజునకు పాలు విరిచి గడ్డకట్టించు తోడు కావలెను. ఆ తోడు అనేకములైన ఐరోపా చీజులలో లేగదూడ కడుపునుండి తీసినది. ఇటలీదేశపు పార్మిజానో రెజ్జానో చీజును ఆ దూడతోడు లేకుండ చేయుటకు అచటి నియమములే ఒప్పవు. మనదేశమున అమ్ముడుపోవు చీజులలో చాలవరకు సూక్ష్మజీవులనుండి తీసిన తోడునే వాడుదురు గనుక వానిపై ఆకుపచ్చ గుర్తుండును. కాని విమానాశ్రయమున కొని తెచ్చిన చీజుముక్కపై ఆ గుర్తు వెదకినను దొరకదు.

ఇట్లు ఒక్కొక్కటే తీసివేయుచు పోగా పెద్దమ్మగారి చేతికి మిగులునది నాలుగు ద్రాక్షపండ్లు, ఒక క్రాకరు. ఆ క్రాకరులో సైతము పందికొవ్వున్నదని తరువాత ఎవరో పొట్లము చదివి చెప్పినచో ఆమె ఏమియు అనరు. నవ్వి ఊరకుందురు. మరియొకసారి పిలిచినప్పుడు మోకాళ్ల నొప్పియని చెప్పి రాకుందురు. అన్నము పెట్టినవారు ఏమి పెట్టిరో మరచిపోవచ్చును గాని తినలేకపోయినవారు మరువరు.

ఫ్రెంచి వారి ఆచారము తెలిసినవారు ఇక్కడ ఒక ఆక్షేపణ తేవచ్చును. ముఖ్యముగా 1954 వరకు ఫ్రెంచి ఏలుబడిలో ఉండిన యానాము సోదరులు ఆ భాషలోని మాట విని వెంటనే అడుగవచ్చును: షార్కుత్రీయనగా వండిన మాంసపు పని, 15వ శతాబ్దమునాటికే పారిసు నగరమున ఆ పనివారికి ప్రత్యేకమైన శ్రేణి ఉండెను, దానితో వారు తినునది రొట్టెగాని క్రాకరు కాదుగదా యని. నిజమే. ఫ్రాన్సులో ఎండు సాసేజి, పాతే మొదలైనవానితో పైన గట్టిగా, లోన మెత్తగా కాలిన రొట్టెను ముక్కలుగా కోసి, వెన్నతో ఇత్తురు. క్రాకరు ఇంగ్లీషువారు, అమెరికావారు చేర్చిన వస్తువు. అయినను ఆ రొట్టె కాల్చినపూటయే బాగుండును. మన పట్టణములలో పెక్కింటియందు దొరకు రొట్టె మెత్తనిది, కొంచెము తీపిది. దానిపై ఉప్పుమాంసము పొసగదు. మంచి రొట్టె దొరకినవారు రొట్టెయే పెట్టుదురు గాక. దొరకనివారికి క్రాకరు నామోషీ కాదు.

క్రాకరు పుట్టుక తెలిసినచో దానినెట్లు ఎంచవలెనో సగము తెలిసినట్లే. ఓడలపై నెలల తరబడి చెడకుండుటకు పిండి, నీళ్లు, ఉప్పు కలిపి రాయివలె కాల్చిన నావికుల బిస్కత్తు దీని తాత. అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రపు మిల్టను గ్రామమున జోసయ్యా బెంటు అను రొట్టెలవాడు 1801లో అట్టివానినే పలుచగా చేసి అమ్మెను. ఇంగ్లండులో కార్లైలు పట్టణమున కార్ అను ఆయన 1831లో స్థాపించిన కార్ఖానా నీటి బిస్కత్తులకు పేరుపొందినది. డబ్లినులో జేకబ్ కంపెనీవారు 1885లో క్రీము క్రాకరును తయారుచేసిరి. పేరులో తప్ప దానిలో మీగడ లేదు. వీనియన్నిటిపై చుక్కలు పెట్టినట్లు రంధ్రములుండుటను మీరు చూచియుందురు. అది అలంకారము కాదు. వేడిపొయ్యిలో పిండిలోని నీరు ఆవిరియై పూరీవలె పొంగకుండ, ఆ ఆవిరికి దారి యిచ్చుటకు పొడిచినవి. ఇంత శ్రమపడి పొంగును, తేమను, కొవ్వును తగ్గించి చేసిన వస్తువునకు తిరిగి వెల్లుల్లి, మిరియము, చీజుపొడి, తేనె దట్టించి అమ్మువారి వివేకము మాకు బోధపడలేదు.

సాదా క్రాకరే పెట్టుడని మేము చెప్పుటకు పొదుపు కారణము కాదు. మాంసమును ఉప్పుతో నిలువజేసిరి. ఆరబెట్టిన పందితొడ నూరు గ్రాములలో 4 మొదలు 6 గ్రాముల ఉప్పుండును. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి దినమునకు 5 గ్రాములు దాటరాదని చెప్పుచున్నది. అనగా 50 గ్రాముల మాంసముతోనే ఆనాటి ఉప్పులో ఇంచుమించు సగము కడుపున పడును. చీజులోను ఉప్పే. దోసకాయలోను ఉప్పే. క్రాకరుకూడ ఉప్పు చల్లినదైనచో బాబాయిగారి వైద్యునికి మనము జవాబు చెప్పుకొనవలసియుండును. మరియు ఆ సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము ఇట్లు నిలువజేసిన మాంసమును క్యాన్సరు కలిగించువాని మొదటి తరగతిలో 2015లో చేర్చినది. తినవద్దని మేము శాసించుట లేదు. తునక చిన్నదిగా, క్రాకరు పెద్దదిగా ఉన్నచో చాలును.

రుచికి సంబంధించిన మాటయు ఉన్నది. ఆరునెలలో సంవత్సరమో ఆరిన మాంసమునకు, ముదిరిన చీజునకు తమదైన వాసన కలదు. దానికొరకే అంత ధర ఇచ్చితిమి. ముద్దపప్పులోనికి నెయ్యి వేసి అన్నము తినునప్పుడు ఆ అన్నమును పులిహోర చేసికొనుచున్నామా? లేదు. తెల్లని అన్నమే కావలెను. క్రాకరు ఆ పలకకు అన్నము. వాము వేసినదో, నువ్వులు చల్లినదో ఒక పిడికెడు వేరుగా ఉంచుట తప్పు కాదు. చప్పని పచ్చిచీజు మీదికి అది బాగుండును. కాని రాశి మాత్రము సాదాదే కావలెను.

బలమును చూచుట అవసరము. మెత్తని పాతేను పులుముటకు పలుచని నీటి బిస్కత్తు తెచ్చినచో అది కత్తిక్రింద విరిగి అతిథి పట్టుచీరపై పడును. అట్టిదానికి క్రీము క్రాకరో, స్వీడనువారి రై పిండి రొట్టెపలకయో తగును. పలుచని తునకలకు పలుచనిదే చాలును. కొనువారు అంగడిలో పొట్లమును మెల్లగా ఊపి చూచిన యెడల, పిండిపిండియై ఉన్నదో లేదో చప్పుడే చెప్పును.

ఇక పొట్లముపై వ్రాత. కంటి అద్దములు పెట్టుకొని అంగడిలోనే దీనిని చదువవలెనని మా ప్రార్థన. మనదేశపు నియమము ప్రకారము కలిపిన పదార్థములను బరువునుబట్టి ఎక్కువనుండి తక్కువకు వరుసగా అచ్చువేయవలెను. మొదట మైదా, పిమ్మట నూనె ఉండును. పంచదార మూడవ స్థానమున కనబడినచో అది ఈ పనికి రాదు. మన బజారులోని ఉప్పు బిస్కత్తులలో అనేకములకు పంచదార కలుపుదురు. ఆకుపచ్చ చుక్క శాకాహారమునకు గుర్తు. మాంసాహారమునకు పూర్వము గోధుమరంగు చుక్క ఉండెడిది. ఇప్పుడు దానికి బదులు అదే రంగు త్రికోణము వచ్చినది. రంగులు గుర్తుపట్టలేనివారికి ఇది మేలు. విదేశపు పొట్లమును ఎవరైన బహుమతిగా తెచ్చినచో, పాతకాలపు పద్ధతిలో చేసిన కొన్నింటిలో పందికొవ్వు ఉండును గనుక ఒకటికి రెండుసార్లు చదువుట మంచిది. గోధుమలోని గ్లూటెను సరిపడని బిడ్డలు నేడు కొన్ని ఇండ్లలో ఉన్నారు. వారికి రై, బార్లీ కూడ పనికిరావు. బియ్యపు క్రాకరు పనికివచ్చును గాని జపాను తీరున సోయా రసము పూసినది కారాదు. ఆ రసములో గోధుమ ఉండుట సాధారణము. నువ్వులు పడనివారు కలరని నవ్వుకొనరాదు. అమెరికా ప్రభుత్వము 2023 జనవరి 1 నుండి నువ్వులను సైతము పొట్లముపై తప్పక తెలుపవలసిన వస్తువులలో చేర్చినది.

అన్నిటికంటె ముఖ్యమని మేము తలచునది ఇంకొకటి కలదు. క్రాకర్లను ఆ పలకపై పెట్టవద్దు. బొమ్మలలో మాంసపు మడతల నడుమ వానిని విసనకఱ్ఱవలె పేర్చినది చూచుటకు ముచ్చటగానే ఉండును. కాని మాంసపు కొవ్వు, చీజు తేమ తగిలిన అరగంటకు అవి మెత్తబడును. తేమను పీల్చుట వాని స్వభావము. బరంపురము, యానాము, చెన్నపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్లలో తేమ తగులకయే మెత్తబడును. షోలాపురపు వేసవిలో ఆ బాధ లేదు. అంతకంటె, మాంసము తాకిన క్రాకరును మాంసము తిననివారు ముట్టరు. కాబట్టి క్రాకర్లకు వేరు పళ్లెము, మాంసమునకొక పటకారు, ఒక్కొక్క చీజునకు ఒక్కొక్క కత్తి ఉండవలెను. కొరికిన క్రాకరును మరల పాతేలో ముంచు పిల్లవానికి ఎంగిలియను మాట నాయనమ్మగారే చెప్పుదురు. ఆ పళ్లెమును మొట్టమొదట పెద్దమ్మగారి వైపునకు జరుపవలెను. డబ్బా మూతను అతిథులు కూర్చుండిన తరువాతనే తీయవలెను. మెత్తబడినవానిని పారవేయనక్కరలేదు, సన్నని వేడిలో ఐదు నిమిషములు ఉంచి చల్లార్చినచో మరల పెళుసగును.

మన చెక్కలు, కన్నడిగుల నిప్పట్టు, తమిళుల తట్టై ఉండగా పరదేశపు బిస్కత్తు ఏలయని అడుగువారు కలరు. ఈ అభిమానమును మేము గౌరవింతుము గాని ఈ పనికి అవి తగవు. చెక్కలలో కారము, కరివేపాకు, పచ్చిసెనగపప్పు, నూనె ఉన్నవి. అవి తమంతట తామే ఒక ఫలహారము. మరియొక రుచిని మోయుటకు పుట్టలేదు. చెక్కపై చీజు పెట్టి తినినవారు చెక్కనే మెచ్చుకొందురు. వానిని ఈ పలక దరిదాపులకు రానీయక కాఫీతో ఇచ్చుట మంచిది.

అన్నిటికిని సరిపోవు వస్తువొకటి మన చేరువలోనే కలదు. షోలాపురములో తరతరములుగా మగ్గముల వృత్తితో నిలిచిన మన కుటుంబములవారికి, ఉత్తర కర్ణాటకములోని మనవారికి దానిని పరిచయము చేయనక్కరలేదు. జొన్నపిండిని వేడినీటితో కలిపి, పలుచగా తట్టి, పెనముపై కాల్చి, తేమ పూర్తిగా పోవువరకు ఆరబెట్టిన కడక్ రొట్టె అది. నూనె లేదు, పంచదార లేదు, పాలు లేవు. జొన్నలో గ్లూటెను లేదు. రోజుల తరబడి చెడదు. ముదిరిన చీజుక్రింద దాని మట్టివాసన ఏ పరదేశపు బిస్కత్తుకును తీసిపోదని మేము తిని చెప్పుచున్నాము. కొన్నిచోట్ల పైన నువ్వులు అద్దుదురు గనుక కొనునప్పుడు అడుగవలెను. దానిని కత్తితో కోయరాదు, చేతితో విరువవలెను. ముక్కలు సమముగా రావు. పదిమందికి ఆరు రొట్టెలు, ఒక పెద్ద పొట్లము సాదా క్రాకర్లు సరిపోవును. మిగిలిన రొట్టెముక్కలు మరునాటి ఉదయము మజ్జిగలో నానబెట్టుకొనుటకు పనికివచ్చును.