పెళ్లి డీవీడీ మీద ఫోటో సరే, వివరాలేవీ?

పెళ్లి వీడియో అంటే ఇప్పుడు పెన్‌డ్రైవ్, లేదంటే డ్రైవ్ లింక్. అయినా నంద్యాల, ఆళ్లగడ్డ వైపు చాలా ఇళ్లలో బీరువా తెరిస్తే పట్టుచీరల పక్కన రెండు మూడు డీవీడీలు కనిపిస్తాయి. పెద్దవాళ్లు అడిగితే డిస్క్ కొట్టిచ్చే స్టూడియోలు ఇంకా ఉన్నాయి. నా అభిప్రాయం సూటిగా చెప్తా: డిస్క్ మీద వేసే డిజైన్ అలంకారం కాదు, ఆ డిస్క్‌కి అడ్రస్.

మామూలుగా జరిగేది ఏంటంటే, ఆల్బమ్ కోసం చేసిన ఫోటోనే గుండ్రంగా కోసేసి ప్రింట్ కొట్టేస్తారు. మధ్యలో 15 మి.మీ. రంధ్రం ఉంటుందన్న సంగతే గుర్తుండదు. అది సరిగ్గా పెళ్లికూతురి ముఖం మీదికి వస్తుంది. పేర్లేమో మెలికలు తిరిగిన బంగారు అక్షరాల్లో. తేదీ ఉండదు, డిస్క్ నంబర్ అసలే ఉండదు.

మా బాబాయి పెళ్లికి ఇచ్చిన మూడు డిస్కులకీ ఒకటే డిజైన్, అదీ స్టిక్కర్ మీద. ఒకదాంట్లో మా జేజినాయన బంధువులతో మాట్లాడే వీడియో ఉంది. ఆయన గొంతు మాకు మిగిలింది అదొక్కటే. ఏ డిస్కో పైన రాసి లేదు. రెండు డిస్కులు బాగానే ఆడాయి, వాటిలో ఆయన లేరు. మూడోదాని స్టిక్కర్ అంచు లేచిపోయింది. డ్రైవ్‌లో పెడితే గర్రుమని ఊగుతుంది, చదవదు.

ఇందులో మాయేమీ లేదు. కంప్యూటర్ డ్రైవ్‌లో డీవీడీ నిమిషానికి వేల సార్లు తిరగగలదు. స్టిక్కర్ కాస్త పక్కకి అంటినా, బంక ఎండి ముడుచుకున్నా బ్యాలెన్స్ పోతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2003లో ఇచ్చిన గైడ్ కూడా ఎక్కువకాలం దాచే డిస్కులకి స్టిక్కర్లు వద్దనే చెప్పింది.

దీనికి మార్గం ఎప్పటినుంచో ఉంది. పైన తెల్లపూత ఉన్న ఇంక్‌జెట్ ప్రింటబుల్ డిస్కులు తీసుకుని, ఎప్సన్ ఎల్805 లాంటి డిస్క్ ట్రే ఉన్న ప్రింటర్‌లో నేరుగా ప్రింట్ చేయడమే.

ఫైల్ తయారీ కూడా కష్టం కాదు. డిస్క్ వ్యాసం 120 మి.మీ. అంటే 300 డీపీఐలో సుమారు 1417 పిక్సెల్స్. అంచు దాటి చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ వదిలితే సుమారు 1488. ముఖాలు, అక్షరాలు అంచుకీ, మధ్య రంధ్రానికీ దూరంగా ఉండాలి. కొన్ని డిస్కుల మీద తెల్లపూత రంధ్రం దగ్గరదాకా రాదు, కాబట్టి ముందు డిస్క్ చేతిలోకి తీసుకుని కొలవండి. ఆళ్లగడ్డ శిల్పి కూడా ముందు రాయి మీద గీతలు గీసుకున్నాకే ఉలి పడతాడు కదా!

తెలుగు అక్షరాలతో ఇంకో తలనొప్పి. అను ఫాంట్స్‌లో చేసిన ఫైల్, ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే పిచ్చి గీతలవుతుంది. యూనికోడ్‌లో టైప్ చేస్తే, ఫొటోషాప్‌లో సెట్టింగ్ సరిగా లేనప్పుడు ఒత్తులు విడిపోతాయి. ప్రింట్‌కి పంపేముందు అక్షరాలని షేప్స్‌గా మార్చేయండి. మరీ చిన్న సైజులో ఒత్తులు ఇంకుతో పూడుకుపోతాయి, అందుకే కాస్త పెద్దగా, సాదా ఫాంట్‌లో పెట్టండి.

"పెన్‌డ్రైవ్ ఉండగా ఇదంతా దేనికి?" అంటారు. నిజమే, కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డీవీడీ డ్రైవే లేదు. కానీ పెన్‌డ్రైవ్‌ని పిల్లలు సినిమా ఎక్కించుకోవడానికి ఫార్మాట్ చేసేయగలరు. ఒకసారి రాసిన డీవీడీ-ఆర్‌ని అలా చెరిపేయలేరు. అలాగని డిస్క్ కూడా శాశ్వతం కాదు, అందులోని డై కాలంతో పాడవుతుంది. రెండూ ఉంచుకోండి, హార్డ్‌డిస్క్‌లో ఇంకో కాపీ పెట్టండి. ఏది దేనిదో తెలియకపోతే ఎన్ని కాపీలున్నా వెతుక్కోవడమే మిగులుతుంది.

ఇప్పటికే ఇంట్లో ఉన్న డిస్కుల స్టిక్కర్లు మాత్రం పీకొద్దు, డిస్క్ పాడవుతుంది. ఆడుతున్నప్పుడే కాపీ చేసేయండి.

కొత్తగా చేయించేవాళ్లు మిగతా డబ్బులు ఇచ్చేముందు స్టూడియోవాళ్లని ప్రూఫ్ చూపించమనండి. పేర్లు, తేదీ, ఊరు, "3లో 2వ డిస్క్" అన్న నంబర్, అందులో ఏముందో ఒక్క ముక్క. ఈ ఐదూ కళ్లజోడు లేకుండా చదవగలిగితేనే ఓకే చెప్పండి. ఫోటో అందం ఆ తర్వాత చూసుకోవచ్చు.