ఫ్రిస్కో ఉత్తరం: ఒక పుస్తకం, ఇద్దరు చదువరులు



డర్బన్, మారిషస్, ఫిజీలలోని మన వాళ్లందరికీ ఈ నెల ఆటిజం గురించి రాస్తున్నాను. అమెరికాలో సర్వే చేసిన ప్రాంతాల్లో ఎనిమిదేళ్ల పిల్లలు 31 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నట్టు గుర్తించామని 2025లో ఇక్కడి ప్రభుత్వ సంస్థ సీడీసీ తెలిపింది. అంటే ఫ్రిస్కోలో గుడికి వెళ్లినా, పుట్టినరోజు విందుకు వెళ్లినా ఆ పిల్లలు మన మధ్యే ఉంటారు. "పిలిస్తే పలకడు", "ఎవరితోనూ కలవదు" అని మనం తేల్చేస్తాం.

డేమియన్ మిల్టన్ బ్రిటన్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త. ఆయనకూ ఆటిజం ఉంది. వాళ్లకు మనం అర్థం కాకపోవడం ఎంత నిజమో, మనకు వాళ్లు అర్థం కాకపోవడమూ అంతే నిజమని 2012లో ఆయన రాశారు. లోటు ఒకవైపుదే కాదన్నమాట.

లివర్‌పూల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని పుస్తకంతో పరీక్షించారు. ఆటిజం ఉన్నవారు, లేనివారు కొద్దిమంది ఒకే నవల చదివి, తోచింది డైరీలో రాసుకున్నారు. తర్వాత ఇద్దరిద్దరుగా కూర్చుని మాట్లాడుకున్నారు. 2021లో ఫలితాలు వచ్చాయి. ఆటిజం గురించి ముందే ఉన్న అభిప్రాయాలు పక్కకు జరిగి, ఎదుటి మనిషి కనిపించడం మొదలైంది.

ఆ నవల స్టైన్‌బెక్ 1937లో రాసిన 'ఆఫ్ మైస్ అండ్ మెన్'. పొట్టకూటికి ఊళ్లు మారే ఇద్దరు కూలీల కథ. సొంతంగా కాస్త నేల ఉండాలని వాళ్ల కల. ఆ కల మీ ఇళ్లలో ఎవరికీ కొత్త కాదు. అందులో లెన్నీ అందరిలా ఆలోచించడు. అతనికి ఫలానాది ఉందని రచయిత పేరు పెట్టలేదు. అందుకే ఇద్దరు చదువరులకు ఇద్దరు లెన్నీలు కనిపించవచ్చు.

గిరిమిట్ ఓడల జాబితాల్లో మన పెద్దల పేరు, వయసు, ఊరు, ఒంటి మీది మచ్చ రాసుకున్నారు. ఆ మనిషి ఎవరో అందులో లేదు. డాక్టరు రాసిచ్చే కాగితమూ అంతే. బడిలో సాయం అందడానికి అది కావాలి. కానీ పిల్లవాడంటే ఆ కాగితం కాదు.

మీ ఇంట్లోనూ చదివి చూడండి. పుస్తకం వాళ్లనే ఎంచుకోనివ్వండి, రైళ్ల గురించైనా సరే. "నా ముఖం చూసి చెప్పు" అనకండి. "ఇక్కడ నీకేమనిపించింది?" అని అడిగి, ఆగండి. నోటితో చెప్పలేకపోతే రాయనివ్వండి, బొమ్మ గీయనివ్వండి. మీకేమనిపించిందో మీరూ చెప్పండి.

ఏం విన్నారో నాకు రాయండి.