పెట్టె తీసుకునేవాళ్లతో పాటు పక్క చేను రైతునూ పిలవండి

జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలకు బహిరంగ లేఖ



పత్తి ఏరుడు అయిపోయి యాసంగి నాట్లు పడే ఈ రోజుల్లో మా వైపు పిల్లలు కొందరు తేనెటీగల పెంపకం గురించి అడుగుతున్నారు. పెట్టె ఎంత, కిలో తేనె ఎంతకు పోతది, సబ్సిడీ ఎంత? జాతీయ తేనె మిషన్‌కు కేంద్రం 500 కోట్లు ప్రకటించిన సంగతీ, ఖాదీ కమిషన్ 2017 నుంచి పెట్టెలు ఇస్తున్న సంగతీ వాళ్లకు ఫోన్లోనే తెలిసిపోయాయి. సర్కారు సాయంతో పెట్టుకునే యూనిట్ అంటే ఏమిటో మా హుజూరాబాద్ ప్రాంతంలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. 2021లో దళితబంధు పథకాన్ని ప్రయోగాత్మకంగా చేపట్టింది ఇక్కడే కదా. ఎవరూ అడగనిది ఒక్కటే: ఈగ ఎక్కడ మేస్తుంది?

బర్రెకు మేత మనం తెచ్చి వేస్తాం. తేనెటీగ మేత పక్కవాళ్ల చెలకలో ఉంటుంది. నాటు ఈగ కిలోమీటరు చుట్టూ తిరిగిందనుకున్నా దాదాపు 775 ఎకరాలు. ఇటాలియన్ ఈగ రెండు కిలోమీటర్లు పోతే 3,100 ఎకరాలు. అందులో పెంచేవాడి పేరు మీద రెండు మూడెకరాలుంటే గొప్ప. మిగతాదంతా వరి, మక్క, పత్తి. వరిలో, మక్కలో పుప్పొడి దొరుకుతుంది గానీ మకరందం ఉండదు. పత్తిలో ఉంటుంది, పువ్వులోనే కాదు, ఆకు అడుగున ఈనె మీద కూడా ఊరుతుంది. వానకాలం చివర్లో మన ఈగలకు పెద్ద మేత అదే.

మందు పడేదీ దాని మీదే. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు మందు ఖర్చు తప్పిందనుకున్నాం. కాయతొలుచు పురుగు విషయంలో కొన్నేళ్లు తప్పింది కూడా. పచ్చదోమకు, తెల్లదోమకు, తామర పురుగులకు మాత్రం కొడుతూనే ఉన్నాం, ఆనక గులాబీ రంగు పురుగు బీటీని కూడా తట్టుకుంది. విత్తనానికే ఇమిడాక్లోప్రిడ్ పట్టించి అమ్ముతారు. ఆ మందునూ, అదే కోవకు చెందిన మరో రెండింటినీ ఆరుబయట పంటల మీద వాడకూడదని ఐరోపా సమాఖ్య 2018లో ఆపేసింది, తేనెటీగల కోసమే. ఇక్కడా ఆపేయమని నేననడం లేదు. ఆకులు ముడుచుకుపోయిన పత్తి చేన్లో నిలబడ్డ రైతుకు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాదు.

నేనడిగేది వేళ గురించి. పత్తి పువ్వు పొద్దున విచ్చుకుంటుంది, ఈగలు ఎక్కువగా వాలేది మధ్యాహ్నం లోపే. ఎండ ముదరకముందే పని కావాలని మనవాళ్లు మందు కొట్టేదీ అప్పుడే. సాయంత్రానికి పువ్వు ముడుచుకుంటుంది, మర్నాటికి గులాబీ రంగుకు తిరుగుతుంది. దానికిక ఈగతో పని లేదు. అదే మందు పొద్దుగూకే వేళ కొడితే చాలా ఈగలు బతుకుతాయి. పెట్టె ముందు ఈగలు నాలుక బయటికి సాగి గుట్టగా చచ్చిపడితే ముందుగా అనుమానించాల్సింది మందునే. మా పెట్టెల ముందు అట్లా చూసినప్పుడు పక్క చేను రైతుతో నేను తగవు పడలేదు. ఆయనకు ఈ సంగతి ఎవరు చెప్పారు గనుక?

అందుకే, శిక్షణ పెట్టినప్పుడు పెట్టె తీసుకునేవాణ్ని ఒక్కణ్నే పిలవకండి. ఆ పెట్టె చుట్టూ సాగు చేసేవాళ్లందరినీ కూర్చోబెట్టండి. పత్తికి ఏ మందు అన్నది చెప్పేదీ మీరే, ఈగల సంగతి చెప్పగలిగేదీ మీరే. ఆ రెండు ముచ్చట్లు ఒకే రోజు, ఒకే చెట్టు కింద జరగాలి. ఈగలు సరిగా వాలక పొద్దుతిరుగుడులో తాలు గింజలు ఎట్లా పడుతున్నాయో, పుచ్చ పిందెలు వంకర ఎట్లా తిరుగుతున్నాయో చేన్లోనే చూపించండి. అప్పుడు పెట్టె నా గట్టున పెట్టమని పక్క చేను రైతే అడుగుతాడు.

కొత్తవాళ్లకు జూన్‌లో మాత్రం పెట్టెలు ఇవ్వకండి. ముసురులో మేత దొరకదు, చక్కెర పాకం పెట్టి బతికించుకోవాలి, అక్కడే విసుగొస్తుంది. జనవరిలో మామిడి పూతతో మొదలుపెడితే వేప, కానుగ, చింత వరసగా అందుకుంటాయి. మే ఎండలకు పెట్టె మీద తడి గోనెసంచి, పక్కన నీళ్లు, చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీటి గిన్నెలు కావాలి. ఎనిమిది చట్రాల పెట్టెలు రెండు, అందులో నాటు ఈగ, మొదటి ఏడాదికి ఇది చాలు. ఇటాలియన్ ఈగ తేనె ఎక్కువిస్తుంది, నిజమే. పూత వెంబడి పెట్టెలను లారీలో వేసుకుని తిరగగలిగినవాళ్లకే అది గిట్టుబాటు. నాటు ఈగ మేత లేకుంటే గూడు వదిలి లేచిపోతుందని కూడా ముందే చెప్పండి. నీళ్ల ట్యాంకు కింద వేలాడే పెద్ద పట్టును పెట్టెలోకి దించొచ్చా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. కుదరదు, ఆ ఈగ ఆరుబయటే ఒకే పట్టు కడుతుంది.

ఇంకొకటి. మైనం మూత పడని గదుల తేనె పిండితే పులుస్తుంది. తేమ 20 శాతం దాటకూడదు. మీ కేంద్రంలో వారానికో రోజు ఎవరు తేనె తెచ్చినా తేమ చూసి చెబితే చాలు. పేరున్న బ్రాండ్లలోనూ చక్కెర పాకం కలుస్తోందని 2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బయటపెట్టింది. అప్పటినుంచి కొనేవాళ్లకు అనుమానం ఎక్కువైంది, ఊళ్లో పిండిన తేనెకు కూడా అది తప్పడం లేదు.

శిక్షణకు పిలిచేవాళ్ల జాబితాలో పత్తి మార్కెట్ చుట్టుపక్కల పురుగుమందుల దుకాణదారులను కూడా చేర్చండి. ఏ మందు, ఎప్పుడు అన్నది చాలామంది రైతులకు తేలేది ఆ కౌంటర్ దగ్గరే.

ఇట్లు,
జమ్మికుంట మండలంలో తేనెటీగలు పెంచుకునే ఒక రైతు